కరెంటు పోతే మోగుతుందా?

మా ఇంటి ఫోనుకు ఫైబర్ (గాజు పోగు) కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు గోడకు కొత్త పెట్టె బిగించి, అందులో పచ్చ దీపాలు నిలకడగా వెలగడం చూసుకుని, సామాను సర్దుకుంటుండగా అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే: "బాబూ, కరెంటు పోతే ఇది మోగుతుందా?" అతను తల ఎత్తకుండానే, "మోగదమ్మా, ఇన్వర్టర్ మీద పెట్టించుకోండి," అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంట్లో ఉన్న టెలిఫోను గురించి అటువంటి ప్రశ్న అడగవలసిన అవసరం అమ్మకు ఎన్నడూ రాలేదు. ఇంటర్నెట్ ఫోనుకు మారడం గురించి స్నేహితులు నన్ను అడిగేవన్నీ నెల ఛార్జీల గురించో, ఇంటర్నెట్ వేగం గురించో ఉంటాయి. మారి ఎనిమిది నెలలు గడిచాక చూసుకుంటే, అసలు ముందుగా తెలుసుకోవలసిన సంగతి అమ్మ ప్రశ్నలోనే ఉందని నాకు అర్థమైంది.

విశాఖపట్నం సీతమ్మధారలోని మా ఇంటికి ఫోను 1993లో వచ్చింది. అప్పటి ఆరంకెల నంబరుకు తరవాతి కాలంలో ముందు 2 చేరి ఏడంకెలైందే తప్ప, ఆ నంబరు మారలేదు. స్తంభం మీద తీగలను ఇళ్ళకు పంచే డీపీ పెట్టె నుంచి నల్లటి డ్రాప్ వైరు కిటికీ పైనుంచి హాల్లోకి దిగి, గోడకున్న చిన్న రోజెట్ పెట్టెలో ఆగేది. ఆ రెండు రాగి తీగల మీద ఎక్స్‌ఛేంజి ఎప్పుడూ 48 వోల్టుల డీసీ కరెంటు పెట్టి ఉంచుతుంది. రిసీవరు ఎత్తగానే తీగల మధ్య దారి కలుస్తుంది, కరెంటు పారుతుంది, ఎక్స్‌ఛేంజి అది గమనించి డయల్ టోన్ పంపుతుంది. గంట మోగించవలసి వచ్చినప్పుడు మాత్రం అదే తీగల మీద సుమారు 75 వోల్టుల ఏసీ పంపుతుంది. ఈ సంగతి నాన్నగారికి పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక ఆదివారం ఆయన రోజెట్ మూత విప్పి, వదులైన మరను చేత్తో పట్టుకుని ఉండగా సరిగ్గా అప్పుడే మా మేనత్త ఫోను చేసింది. ఆయన ఎగిరిపడి స్క్రూడ్రైవరు వదిలేస్తే, "మీ చెల్లెలి ఫోనంటే మరి అంతే," అని అమ్మ చాలాకాలం నవ్వింది.

చెప్పవచ్చేదేమిటంటే, ఇంట్లోని ఆ పరికరానికి కరెంటు మనం ఇవ్వనక్కరలేదు. ఎక్స్‌ఛేంజిలో వరసలు తీరిన పెద్ద బ్యాటరీలు, వాటికి తోడుగా డీజిల్ జనరేటరు ఉండేవి. వీధంతా చీకటైనా ఫోను మాత్రం మోగేది. వేసవిలో గంటల తరబడి కరెంటు కోతలున్న రోజుల్లో సబ్‌స్టేషనుకు ఫోను చేసి "ఎప్పుడు ఇస్తారండీ" అని అడిగింది కూడా ఆ ఫోనులోనే. అలాగని దాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఎక్స్‌ఛేంజి బ్యాటరీలు మా ఇంటికి ఏ విధంగానూ అక్కరకు రాలేదు, ఎందుకంటే స్తంభానికీ మా కిటికీకీ మధ్యనున్న తీగ కూలిన బాదం చెట్టు కింద రోడ్డు మీద పడి ఉంది. మళ్ళీ డయల్ టోన్ వినిపించేసరికి దీపావళి దాటిపోయింది.

రాగి తీగ రోగం మాకు చివరి మూడు నాలుగేళ్ళలో బాగా ముదిరింది. రోడ్డు తవ్విన ప్రతిసారీ భూమిలోని కేబుల్ దెబ్బతినేది. అతుకుల్లోకి నీరు దిగి, నాలుగు చినుకులు పడితే చాలు, నూనెలో పోపు వేగుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు మధ్య విజయనగరం పిన్నితో అమ్మ గొంతు పెంచి మాట్లాడుతుంటే పక్కింటివాళ్ళకు మా కుటుంబ విషయాలన్నీ తెలిసిపోయేవి. లైన్‌మన్ గారు మంచివారే గాని, బాగుచేయడానికి కేబుల్లో మంచి తీగల జతలు మిగల్లేదని ఆయనే చెప్పేశారు.

అమ్మకు మొబైల్ ఉంది కదా, ల్యాండ్‌లైను తీసేయవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మా ఇల్లు కింది అంతస్తు కావడంతో హాల్లో సిగ్నల్ అంతంత మాత్రం. అంతకన్నా ముఖ్యం, మొబైల్ ఎక్కడ పెట్టిందో అమ్మకు గుర్తుండదు, గుర్తున్నప్పుడు అందులో ఛార్జింగ్ ఉండదు. ఇక నంబరు సంగతి. 2011 నుంచి మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి తీసుకుపోగలుగుతున్నాం గాని, ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ వీలు లేదు. వేరే కంపెనీ ఫైబర్ తీసుకుంటే నెలకు కొంత కలిసివచ్చేది, కాని కొత్త నంబరు వచ్చేది. పెన్షన్ కాగితాల్లో, గ్యాసు పుస్తకంలో, నాలుగు జిల్లాల బంధువుల డైరీల్లో ఉన్నది పాత నంబరే కనుక, ఉన్న కంపెనీలోనే రాగి నుంచి ఫైబరుకు మార్పించుకున్నాం. ఎవరైనా ఇలా మారదలిస్తే, పాత కనెక్షన్ రద్దుకు దరఖాస్తు పెట్టకండి. "నంబరు ఉంచి ఫైబరుకు మార్చండి" అని రాతపూర్వకంగా అడగండి. ఒకసారి రద్దయిన నంబరును మళ్ళీ తెచ్చుకోవడం మన చేతిలో ఉండదు.

అమెరికాలోని మా బంధువులకు ఇదంతా పాత కథ. అక్కడి తెలుగు ఇళ్ళలో చాలామంది పదిహేనేళ్ళ కిందటే వోనేజ్ అనే కంపెనీ ఇంటర్నెట్ ఫోను పెట్టె పెట్టుకుని, కాలింగ్ కార్డుల వెనక నంబర్లు గోకే బాధ వదిలించుకున్నారు. 2009లో ఆ కంపెనీ నెలకు 24.99 డాలర్లకు భారతదేశం సహా ఎన్నో దేశాలకు ఎంతసేపైనా మాట్లాడుకునే పథకం తెచ్చింది. మన వైపు ఇంటర్నెట్ ఫోను ఇళ్ళలోకి వచ్చిన దారి వేరు. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఇస్తామన్నారు. ఒకప్పుడు ఏళ్ళ తరబడి వరసలో నిలబడి తెచ్చుకున్న టెలిఫోను, ఆ మూడింటిలో అందరూ చివరగా గుర్తుచేసుకునే వస్తువైపోయింది.

ఫైబరుకు అతుకు వేసే పని మాత్రం కూర్చుని చూడదగినది. ఆ కుర్రాడు మా భోజనాల బల్ల మీద చిన్న స్ప్లైసింగ్ మిషన్ పెట్టి, తీగ పై పొరలు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, వెంట్రుకంత గాజు పోగును బయటికి తీశాడు. దాని మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. రెండు కొసలనూ నున్నగా కోసి మిషన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, తెరమీద అవి ఒకదాని వైపు ఒకటి జరిగి, చిన్న మెరుపు మెరిసి, అతుకు ఎక్కడో కనబడకుండా కలిసిపోయాయి. తరవాత వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 21 చూపించింది, బాగానే ఉందన్నాడు. విరిగిన గాజు ముక్కలను టేపుకు అంటించి తీసుకెళ్ళాడు; కాలిలో గుచ్చుకుంటే కంటికి కనబడవట.

కొత్త పెట్టె వెనక ఫోను వైరు పట్టే రంధ్రం ఒకటి ఉంటుంది. అందులో నేరుగా ఒక ఫోను పెట్టుకోవచ్చు. కాని మాకు హాల్లో ఒకటి, అమ్మ గదిలో ఒకటి, రెండు ఫోన్లకూ గోడలో పాత వైరింగు ఉంది. అందుకని బయటి నుంచి వచ్చే రాగి తీగను రోజెట్ దగ్గర పూర్తిగా విప్పేసి, పెట్టె నుంచి వచ్చే వైరును అదే రోజెట్‌లో బిగించాం. దానితో పాత వైరింగు అంతా కొత్త పెట్టె నుంచే నడుస్తోంది. బయటి తీగ విప్పకుండా ఈ పని చేయకూడదు. ఆ తీగ మీద ఎక్స్‌ఛేంజి కరెంటు ఇంకా ఉంటే పెట్టె పాడవవచ్చు. విప్పిన డ్రాప్ వైరును అమ్మ పారేయనివ్వలేదు, డాబా మీద బట్టల తీగ అయింది.

నాన్నగారి నల్ల డయల్ ఫోను దగ్గర చిక్కు వచ్చింది. అది మోగుతుంది, అందులో మాట వినిపిస్తుంది, కాని అందులోంచి ఎవరికీ ఫోను చేయలేం. డయల్‌లో 7 తిప్పితే అది తిరిగి వస్తూ తీగను ఏడుసార్లు తెంపి కలుపుతుంది. పాత ఎక్స్‌ఛేంజి ఆ తెంపులను లెక్కపెట్టుకునేది. మా కొత్త పెట్టె బటన్ ఫోను చేసే కూతలను మాత్రమే గుర్తిస్తుంది. రెండోదైన బీటెల్ బటన్ ఫోనుకు అడుగున పల్స్, టోన్ అని చిన్న మీట ఉంటే దాన్ని టోన్ వైపు జరిపి అమ్మ గదిలో పెట్టాం. నల్ల ఫోను హాల్లోనే ఉంది, వచ్చిన ఫోన్లు ఎత్తడానికి. మొబైళ్ళకు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలన్న నియమం, 2021 జనవరి 15న వచ్చింది, ఇప్పుడూ అదే. అప్పట్లో అమ్మ తన నంబర్ల పుస్తకంలో ప్రతి మొబైల్ నంబరు ముందూ ఎర్ర సిరాతో వేసిన సున్నాలు అలాగే పనికివస్తున్నాయి.

మాట నాణ్యత గురించి నాకున్న భయాలు తీరిపోయాయి. సాధారణంగా వాడే పద్ధతిలో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, 64 కిలోబిట్ల ప్రవాహంగా మార్చి, సెకనుకు 50 పొట్లాలుగా కట్టి పంపుతారు. అన్ని హంగులూ కలిపినా 100 కిలోబిట్లు దాటదు కనుక, ఫోను కోసమని ఎక్కువ వేగం పథకం కొనడం డబ్బు దండగ. పొట్లాలు వేళకు, వరసగా చేరడమే ముఖ్యం. ఒకవైపు నుంచి మాట చేరడానికి సెకనులో ఆరోవంతు పైగా పడితే, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది; మాకు ఆ ఇబ్బంది రాలేదు. అమ్మకు వచ్చిన ఇబ్బంది వేరు. ఎదుటివాళ్ళు ఒక్క క్షణం మాట ఆపితే లైను పూర్తిగా నిశ్శబ్దమైపోతుంది. రాగి తీగలోని సన్నని హోరుకు అలవాటుపడిన చెవి కావడంతో, "హలో, ఉన్నావా? కట్టయిందా?" అని నిమిషానికోసారి అడిగేది. పోపు చప్పుడు లేదని సంతోషిస్తుందనుకున్న నేను, అది లేనందుకు ఆమె కంగారుపడటం చూసి నవ్వుకున్నాను. ఇదే నంబరును నా మొబైల్లో యాప్ ద్వారా కూడా మోగించుకోవచ్చని చెప్పారు గాని, నేను వద్దనుకున్నాను. పిన్ని అమ్మ కోసం చేసిన ఫోను హైదరాబాదులో నా ఆఫీసు మీటింగులో మోగడం ఎవరికీ మంచిది కాదు.

ఇక కరెంటు. ఈ ఫైబర్ పద్ధతిలో ఎక్స్‌ఛేంజి నుంచి మన ఇంటి దాకా దారిలో ఎక్కడా కరెంటు అవసరం లేదు. స్తంభం మీద ఒక పోగు వెలుగును అనేక ఇళ్ళకు పంచే స్ప్లిట్టర్ కూడా ఉత్త గాజు పరికరమే. అంటే వీధిలో కరెంటు పోయినా లైను బతికే ఉంటుంది, చచ్చేది మన గోడకున్న పెట్టె. ఒకప్పుడు ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీ గది మోసిన బరువును ఇప్పుడు మన హాల్లోని ప్లగ్గు మోయాలి. మా ఇన్వర్టర్ వైరింగులో ఫ్యాన్లు, లైట్లే ఉన్నాయి. టీవీ వెనక ప్లగ్గు లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లాగించాం. అప్పుడు మరో సంగతి బయటపడింది: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో పెట్టె ఆగి, మొదటి నుంచి మళ్ళీ తెరుచుకుంటోంది. అందుకు రెండు మూడు నిమిషాలు పడుతోంది, మధ్యలో ఉన్న సంభాషణ తెగిపోతోంది. చివరికి రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొని మధ్యలో పెట్టాక ఆ తెగడం ఆగింది. డబ్బా మీద నాలుగు గంటలని రాశారు. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి గడియారం పెట్టుకుని చూస్తే రెండున్నర గంటలు వచ్చింది.

ఇంత చేశాక ఒక రోజు ఉదయం నేను హైదరాబాదు నుంచి ఎన్నిసార్లు చేసినా ఫోను మోగలేదు, అమ్మ మొబైల్ ఎత్తలేదు. కంపెనీవాళ్ళ మీద కోపం తెచ్చుకుని, ఫిర్యాదు కూడా రాసి, పంపే ముందు పక్కింటి అత్తయ్యగారిని వెళ్ళి చూడమన్నాను. అమ్మ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ తీసేయడం ఆమె అలవాటు. టీవీ వెనక ఒక పెట్టె ఊరికే వెలుగుతోందని దాని స్విచ్చూ తీసింది. యూపీఎస్ తన రెండున్నర గంటలూ పనిచేసి అర్ధరాత్రి ఎప్పుడో ఆరిపోయింది.

ఇప్పుడు ఆ స్విచ్చు మీద బ్యాండ్ ఎయిడ్ అడ్డంగా అంటించి ఉంది. అమ్మ నంబర్ల పుస్తకం మొదటి పేజీలో, నాన్నగారి చేతిరాతలో 198 కంప్లైంట్లు, 197 ఎంక్వయిరీ అని ఉన్న చోటికి కింద, ఎర్ర సిరాతో రెండు వరసలు కొత్తగా చేరాయి. ఒకటి యూపీఎస్ కొన్న తేదీ, రెండోది ఎలక్ట్రీషియన్ నంబరు, ముందు సున్నాతో.