లేత్‌కి వీఎఫ్‌డీ రిమోట్ కంట్రోల్స్ కలిపిన నా అనుభవం

లేత్ మోటార్ స్పీడ్ మార్చడానికి వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) వాడుతున్నాను. ఇనుప రజను, కూలెంట్ ఆ డ్రైవ్ ఫ్యాన్‌లోకి పోకూడదని దాన్ని లేత్ వెనకాల గోడకి బిగించాను. అక్కడ బాగానే ఉంది కానీ కీప్యాడ్ నొక్కాలంటే తిరుగుతున్న చక్ (కోసే ముక్కని, అంటే జాబ్‌ని, పట్టుకునే భాగం) మీదుగా చెయ్యి చాపాలి, ఆ పని ఎవరూ చెయ్యకూడదు. అందుకే ముందువైపు చిన్న డబ్బా పెట్టి అందులో స్పీడ్‌కి ఒక నాబ్, ఫార్వర్డ్-స్టాప్-రివర్స్‌కి మధ్యలో ఆఫ్ ఉండే టోగుల్ స్విచ్, ఒక ఎమర్జెన్సీ బటన్ బిగిద్దామనుకున్నాను.

మెయిన్స్ తీసేశాక కూడా డ్రైవ్ లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ కాసేపు నిలిచి ఉంటుంది. మాన్యువల్‌లో రాసినంత సేపు ఆగాకే మూత తియ్యాలి, మీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. ఇందులో తొందరపడితే మిగతాదంతా చదివీ లాభం లేదు.

టోగుల్ వైరింగ్ తేలిక. మధ్య కాలు కామన్‌కి, ఒక చివర ఫార్వర్డ్ టెర్మినల్‌కి, ఇంకో చివర రివర్స్‌కి. ఇవి డ్రైవ్ సొంత తక్కువ వోల్టేజ్ ఇన్‌పుట్లు, బయట నుంచి మెయిన్స్ ఇచ్చారంటే కంట్రోల్ బోర్డు గోవిందా. చాలా డ్రైవ్‌లలో ఈ ఇన్‌పుట్లు కామన్‌కి కలిస్తే పనిచెయ్యాలా, 24 వోల్టులకి కలిస్తే పనిచెయ్యాలా అన్నది బోర్డు మీద ఒక జంపర్‌తో (రెండు పిన్నులని కలిపే చిన్న ముక్క) మారుతుంది కాబట్టి అది ఎటు ఉందో ముందే చూసుకున్నాను.

నాబ్ అంటే 5 కిలో ఓమ్‌ల లీనియర్ పొటెన్షియోమీటర్ (తిప్పితే మధ్య కాలు మీద వోల్టేజ్ మారే రెసిస్టర్). ఒక చివర 10 వోల్టుల టెర్మినల్‌కి, రెండో చివర అనలాగ్ కామన్‌కి, మధ్య కాలు అనలాగ్ ఇన్‌పుట్‌కి. నాబ్ కుడికి తిప్పితే స్పీడ్ తగ్గుతోందంటే రెండు చివర్లూ అటూ ఇటూ మార్చెయ్యడమే.

నేను ఎక్కువసేపు ఆలోచించింది మాత్రం ఒక తీగ ఊడితే ఏమవుతుందని. 10 వోల్టుల తీగ ఊడితే భయం లేదు, స్పీడ్ సున్నాకి పడిపోతుంది. కానీ కామన్ వైపు తీగ ఊడితే మధ్య కాలు మీద దాదాపు 10 వోల్టులూ వచ్చేస్తాయి, అంటే నాబ్ ఎక్కడున్నా మోటార్ ఫుల్ స్పీడ్ అందుకుంటుంది! మోటార్ నడపకుండా, ఆ తీగ తీసి మీటర్ పెట్టి చూశాను, అచ్చం అలాగే జరిగింది. అందుకే ఆ కాలుకి టంకం గట్టిగా వేసి, స్లీవ్ తొడిగి, గరిష్ఠ ఫ్రీక్వెన్సీని నా చక్ తట్టుకునే హద్దు దగ్గరే కట్టేశాను.

పొటెన్షియోమీటర్ తీగలకి షీల్డెడ్ కేబుల్ (చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వాడాను, షీల్డ్‌ని డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేసి రెండో చివర వదిలేశాను. మోటార్ కేబుల్‌ని ఇంకో దారిలో తీసుకెళ్లాను, ఎందుకంటే రెండూ ఒకే పైపులో పక్కపక్కన వెళ్తే మోటార్ కేబుల్‌లోని స్విచింగ్ నాయిస్ అనలాగ్ లైన్‌లోకి దూరి నాబ్ ముట్టుకోకపోయినా డిస్‌ప్లేలో ఫ్రీక్వెన్సీ అంకెలు గెంతుతుంటాయి.

ఇక ప్యారామీటర్లు, అంటే డ్రైవ్‌లోని సెట్టింగులు. రన్ కమాండ్ కీప్యాడ్ నుంచి టెర్మినల్స్‌కి, ఫ్రీక్వెన్సీ సోర్స్ అనలాగ్ ఇన్‌పుట్‌కి, కంట్రోల్ టూ-వైర్ మోడ్‌కి (స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపే మోటార్ తిరిగే పద్ధతి) మార్చాను. నంబర్లు కంపెనీకో రకంగా ఉంటాయి, మాన్యువల్ దగ్గర పెట్టుకోవాల్సిందే. వీటికంటే ముఖ్యమైనది పవర్ వచ్చినప్పుడు దానంతటదే స్టార్ట్ అవ్వకుండా ఆపే సెట్టింగ్. టోగుల్ ఫార్వర్డ్‌లో ఉండగా కరెంట్ పోయి మళ్ళీ వచ్చిందనుకోండి, ఆ సెట్టింగ్ లేకపోతే మీరు జాబ్ మీద వంగి ఉన్నప్పుడే చక్ తిరగడం మొదలవుతుంది. అది ఆన్ చేశాక, చక్ ఖాళీగా ఉంచి కరెంట్ తీసి పెట్టి చూశాను, స్విచ్ ఒకసారి మధ్యకి వస్తేగానీ కదల్లేదు.

ఎమర్జెన్సీ బటన్‌ని నార్మల్లీ క్లోజ్డ్ (నొక్కనంతసేపు కలిసే ఉండే) కాంటాక్ట్‌తో, డ్రైవ్‌కి సప్లై ఇచ్చే కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) కాయిల్‌కి సిరీస్‌లో పెట్టాను. తీగ తెగినా సప్లై పోతుంది, నాకు కావాల్సింది అదే. అయితే సప్లై పోతే మోటార్ బ్రేక్ లేకుండా మెల్లగా తిరిగి ఆగుతుంది, ఆ బటన్ నొక్కగానే చక్ మీద చెయ్యి వెయ్యకూడదు. రోజువారీ ఆపడానికి మాత్రం టోగులే వాడతాను, సప్లైని మాటిమాటికీ తీసి పెడితే డ్రైవ్ చార్జింగ్ సర్క్యూట్ పాడవుతుంది.

రివర్స్ విషయంలో ఇంకోటి. నా చక్ మరలతో బిగిసే రకం, తిరుగుతుండగా తటాలున రివర్స్ ఇచ్చినా, మరీ గట్టిగా బ్రేక్ వేసినా ఊడి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని డీసెలరేషన్ టైమ్ (మోటార్ స్పీడ్ తగ్గి ఆగడానికి పట్టే సమయం) బాగా పెంచాను. దాంతో ఆపేటప్పుడు డీసీ బస్ ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజ్ పెరిగి డ్రైవ్ ఆగిపోవడం) కూడా రాలేదు. అయినా కోత పెట్టే పనికి రివర్స్ వాడను, ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) వెనక్కి తీసుకోవడానికే, అదీ బాగా తక్కువ స్పీడ్‌లో.