ఎన్నాళ్ల నుంచి? ఎప్పటి నుంచి?

నర్సులు, డాక్టర్ల లాంటి వాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ మొదటిసారి రాసినప్పుడు, పేషెంటు గురించి ఉత్తరం రాసే రైటింగ్‌ భాగంలో నాకు 290 వచ్చింది. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే రైటింగ్‌లో 300, మిగతా మూడింటిలో 350 ఉండాలి. ఆ మూడూ గట్టెక్కి పది పాయింట్ల దగ్గర ఆగిపోయాను. పదకొండేళ్లు వార్డులో చేసి ఒక్క ఉత్తరం రాయలేకపోయానా అని రెండు రోజులు అన్నం సయించలేదు.

కోచింగ్ మేడమ్ నా ప్రాక్టీస్ ఉత్తరాలన్నీ ముందేసుకుని, ఎక్కువగా ఒకే మాట కింద ఎర్రగీతలు పెట్టారు. సిన్స్. ‘ఫీవర్ సిన్స్ త్రీ డేస్’, ‘డయాబెటిక్ సిన్స్ టెన్ ఇయర్స్’. మా కేస్ షీట్లలో డాక్టర్లతో సహా అందరం అలాగే రాసేవాళ్లం. తప్పని ఎప్పుడూ తట్టలేదు. తెలుగులో మూడు రోజుల నుంచీ జ్వరమే, సోమవారం నుంచీ జ్వరమే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్ పెట్టాలి.

రూలు బట్టీ పట్టాను, నిలవలేదు. ఉత్తరానికి ఇచ్చేది 45 నిమిషాలు, అందులో 5 నిమిషాలు పేషెంటు వివరాలున్న నోట్స్ చదవడానికే. ఆ కంగారులో చెయ్యి పాత దారే పడుతుంది. చివరికి పనికొచ్చింది రోజూ పేషెంట్లను అడిగే ప్రశ్నే. ‘ఎన్నాళ్ల నుంచమ్మా నొప్పి?’ అంటే వచ్చే జవాబుకు ఫర్. ‘ఎప్పటి నుంచి?’ అంటే వచ్చే జవాబుకు సిన్స్. ‘పదేళ్ల నుంచి’ మొదటి గంపలోకి, ‘పెద్దోడు పుట్టినప్పటి నుంచి’ రెండో గంపలోకి. ఓపీలో ఒక్కొక్కరి జవాబూ మనసులో అలా వేసుకునేదాన్ని. ఆ తర్వాత క్రియ గోల. మనకు ‘షుగర్ ఉంది’ చాలు, వాళ్లకు ‘హ్యాజ్ హ్యాడ్’ అనాలి. హ్యాజ్ పక్కన మళ్లీ హ్యాడ్ ఏమిటో!

‘ఎన్నిసార్లు’ సంగతి నర్సుకు కొత్త కాదు. రోజుకు నాలుగుసార్లు వేరు, ఆరు గంటలకోసారి వేరు. రెండోదానికి పేషెంటును నిద్రలో లేపాల్సి రావచ్చు. ఆ ధీమాతోనే స్పీకింగ్ ప్రాక్టీసులో బోల్తా పడ్డాను. పేషెంటుగా నటిస్తున్న మేడమ్ మాత్ర ‘ఎవ్రీ అదర్ డే’ వేసుకుంటున్నానంటే, రోజూ మానకుండా వేసుకుంటున్నందుకు మెచ్చుకున్నాను. తీరా అది రోజు విడిచి రోజు! ఆల్టర్నేట్ డేస్ అని ఉంటే చచ్చినా తప్పేదాన్ని కాదు.

రెండోసారి రైటింగ్‌లో 330 వచ్చింది.

ఇక్కడికి, బ్రిటన్‌కి వచ్చాక మొదటి డ్యూటీకి ‘హాఫ్ సెవెన్’కి హ్యాండోవర్, అంటే డ్యూటీ అప్పగింత, అన్నారు. మన పావు తక్కువ ఏడులాగా అర తక్కువ ఏడు కాబోలనుకుని, చలిలో ఆరున్నరకల్లా వార్డు బయట నిలబడ్డాను. వాళ్ల లెక్కలో అది ఏడున్నర. నైట్ డ్యూటీ సిస్టర్ తలుపు తీసి, ఎంతసేపటి నుంచి ఉన్నావని అడిగింది. ‘ఫర్ ఫార్టీ మినిట్స్’ అన్నాను. అంత టెన్షన్‌లోనూ ఫర్ సరిగ్గానే పడింది. ఆవిడ నవ్వి, లోపలికి తీసుకెళ్లి టీ పెట్టింది.