ఇంటి షెడ్డులో మారుతి 800 సిలిండర్ హెడ్ దింపిన నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది కార్బురేటర్‌తో నడిచే పాత మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజిను. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారిలో ఘాట్ ఎక్కుతుండగా ఉష్ణోగ్రత ముల్లు పైకి పోవడంతో బండిని పక్కకు ఆపి, ఇంజిను పూర్తిగా చల్లారే వరకు ఆగి, మెల్లగా ఇంటికి చేర్చాము. ఆ తరువాత కారే చోటు ఎక్కడా కనబడకుండానే రేడియేటర్‌లో నీరు తగ్గుతూ వచ్చింది. ఉదయం స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లటి ఆవిరి ఇంజిను వేడెక్కాక కూడా ఆగలేదు. చల్లని ఇంజిను మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయిస్తే నీటిలో బుడగలు వరుసగా పైకి వచ్చాయి. ఆయిల్ పోసే మూత లోపల మీగడ వంటి తెట్టు పేరుకుంది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా వేరే కారణం ఉండవచ్చు గాని, అన్నీ కలిసి కనబడినప్పుడు ఇంజిను పైమూత వంటి సిలిండర్ హెడ్‌కు, కింది బ్లాకుకు నడుమ ఉండి నీరు, వాయువులు దాటకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించక తప్పదు.

ఈ పనిని ఇంట్లో చేయవచ్చునని నేను నిశ్చయించుకోవడానికి కారణం ఆ ఇంజిను నిర్మాణమే. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు ఒక్కటే, సిలిండర్‌కు రెండేసి వాల్వులు, బానెట్ కింద చేతులు ఆడేంత చోటు. అయినా సాకెట్ సెట్టు, బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి, ఆ ఇంజినుకు సంబంధించిన సర్వీసు పుస్తకం చేతిలో లేనివారు ఈ పనికి పూనుకోకూడదని నా గట్టి అభిప్రాయం. హెడ్ దింపడానికి టార్క్ రెంచి అక్కరలేదన్నది నిజమే గాని, అది లేకుండా తిరిగి ఎక్కించడం సాధ్యం కాదు.

ముందురోజు సాయంత్రం నుంచి బండిని కదపలేదు. అల్యూమినియం హెడ్‌ను వేడి మీద విప్పితే, ఒక్కొక్క బోల్టు వదులయ్యేకొద్దీ లోహం సమానంగా కుదురుకోక వంగిపోయే ప్రమాదం ఉంది. మే నెలలో మా షెడ్డు రేకు కింద మధ్యాహ్నానికి ఏదీ చల్లగా ఉండదు కనుక తెల్లవారుజామునే పని మొదలుపెట్టాను. మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, రేడియేటర్ అడుగు ప్లగ్గు విప్పి నీరు బేసినులోకి వదిలాను. వచ్చినది కూలెంట్ రంగులో లేదు. తుప్పు రంగు నీటిలో సున్నపు పొరల వంటి తెల్లటి ముక్కలు తేలుతున్నాయి. కారు మా చేతికి రాకముందు దానిలో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోసినట్టు అక్కడే అర్థమైంది. ఆ నీటిలోని లవణాలు వేడికి విడివడి లోపలి దారుల గోడలకు పట్టుకుంటాయి. పొర మందమైనకొద్దీ ఇంజిను వేడి నీటికి చేరదు, అల్యూమినియం కూడా తినివేయబడుతుంది.

ఎయిర్ క్లీనర్, కార్బురేటర్‌కు వెళ్లే పైపులు, యాక్సిలరేటర్ తీగ, పెట్రోలు పంపు గొట్టాలు విప్పడం సులభమే. ప్రతి పైపుకు టేపు చుట్టి గుర్తు రాసి, విప్పకముందే ఫోనుతో ఫొటో తీసుకున్నాను. ప్లగ్గుల తీగలకు సిలిండర్ నంబర్లు వేశాను. ఈ ఇంజినులో మంట వరుస, అంటే సిలిండర్లలో ఇంధనం మండే క్రమం, 1-3-2.

సహనాన్ని పరీక్షించేది ఎగ్జాస్ట్ వైపు. సంవత్సరాల వేడికి మానిఫోల్డ్ నట్లు స్టడ్డులతో ఏకమైపోయి ఉంటాయి. బలం చూపితే స్టడ్డు విరుగుతుంది, విరిగిన ముక్కను హెడ్‌లో నుంచి తీయించడానికి లేత్ షాపు ఖర్చు అదనం. అందుచేత ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించి, ఉదయం మళ్లీ పట్టించి, నట్టును కొద్దిగా బిగించే దిశలోను, ఆపై వదులు చేసే దిశలోను మార్చి మార్చి కదిపాను. ఆరు మూలల సాకెట్‌నే వాడాను, ఎందుకంటే పన్నెండు మూలలది అరిగిన నట్టు మీద జారుతుంది.

క్రాంకు తిరుగుడును క్యామ్ షాఫ్టుకు అందించే టైమింగ్ బెల్టు విప్పేముందు ఒకటవ సిలిండర్ ప్లగ్గు తీసి, క్రాంకు పుల్లీని సాకెట్‌తో సవ్యదిశలో తిప్పుతూ క్యామ్ పుల్లీ గుర్తు, క్రాంకు గుర్తు తమ తమ స్థానాలకు వచ్చేలా చేశాను. ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ స్థానాన్ని సూదితో గీత గీసి గుర్తించాను. బెల్టు వచ్చేశాక క్యామ్, క్రాంకు పుల్లీలలో దేనినీ విడిగా తిప్పరాదు. టైమింగ్ తప్పడమే గాక, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి.

హెడ్ బోల్టుల దగ్గర తొందర పనికిరాదు. బిగించేటప్పుడు నడుమ నుంచి అంచులకు పోతాము గనుక విప్పేటప్పుడు అంచుల నుంచి నడుమకు రావాలి. మొదటి చుట్టులో ప్రతి బోల్టును పావు మలుపు మాత్రమే వదులు చేసి, అదే వరుసలో మళ్లీ మళ్లీ తిరిగి, అన్నీ చేతికి వదులయ్యాకే పూర్తిగా తీశాను. ఒక అట్టముక్కకు అదే అమరికలో రంధ్రాలు చేసి, ఏ బోల్టును ఆ రంధ్రంలోనే గుచ్చి ఉంచాను.

బోల్టులు వచ్చినా హెడ్ కదలదు. గ్యాస్కెట్ రెండు ముఖాలకూ అంటుకుని ఉంటుంది. సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించడం చాలా షెడ్లలో చూశాను. ఆ ఒక్క గీత చాలు, కొత్త గ్యాస్కెట్ కూడా నిలవకుండా చేయడానికి. నేను చెక్కముక్క ఆనించి, మందమైన అంచుల మీద రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాను. కదిలాక మా తమ్ముడు ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని నిటారుగా పైకెత్తి, తెరుచుకుని ఉన్న వాల్వులు నేలకు తగలకుండా రెండు చెక్కల మీద ఉంచాము.

కారణం అక్కడ స్పష్టంగా కనబడింది. రెండు పిస్టన్ల తలలు మసితో నల్లగా ఉండగా మూడవది కడిగినట్టు మెరుస్తున్నది. ఆ సిలిండర్‌లోకి చేరిన నీరు ఆవిరై మసిని శుభ్రం చేసింది. గ్యాస్కెట్‌లో ఆ సిలిండర్ అంచు నుంచి నీటి రంధ్రం వరకు సన్నగా కాలిన దారి ఉంది. ఉక్కు స్కేలును హెడ్ ముఖం మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆనించి, సందును కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజి పెడితే 0.05 మిల్లీమీటర్ల రేకు ఒకచోట సులభంగా దూరింది. సర్వీసు పుస్తకం అనుమతించే హద్దు కూడా అంతే కనుక ఫేసింగ్, అంటే ముఖాన్ని చదునుగా చెక్కించడం, తప్పదని తేలింది.

సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, పైన పాత పంచె కప్పి, హెడ్‌ను పట్టణంలోని లేత్ షాపుకు తీసుకువెళ్లాను. మేస్త్రిగారు స్కేలు ఆనించి చూసి మొదట అడిగినది ఒక్కటే: “ఏటి బాబూ, ఇంజిను వేడి మీద గానీ ఇప్పీసినారేటి?” కాదని చెప్పాక, ముందు పగుళ్ల కోసం పరీక్ష చేసి, అవి లేకుంటేనే అవసరమైనంత పలుచగా ముఖం చెక్కుతానన్నారు. ఎక్కువ చెక్కితే కంప్రెషన్ పెరిగి ఇంజిను నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనే శబ్దం) కొడుతుందని ఆయనే వివరించారు.

హెడ్ తిరిగి వచ్చేలోగా బ్లాకు ముఖాన్ని గోకి శుభ్రం చేశాను. బోల్టు రంధ్రాలలో నిలిచిన నీటిని, నూనెను పూర్తిగా పీల్చి తీశాను, ఎందుకంటే అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం మిగిలితే, బోల్టు బిగించినప్పుడు అది ఎటూ పోలేక బ్లాకును పగలగొట్టగలదు. కొత్త గ్యాస్కెట్‌తో పాటు టైమింగ్ బెల్టు, థర్మోస్టాట్ కొన్నాను. రేడియేటర్‌ను విప్పించి లోపలి గొట్టాలలోని సున్నాన్ని తీయించాను. ఇకపై డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ తప్ప వేరేది పోయకూడదని మూత పక్కనే చీటీ అంటించాను.