కోట, కర్ణుడు, కామన్ నౌన్: నా ప్రిపరేషన్‌లో ఒక పాఠం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ప్రతి తప్పు జవాబుకూ అర మార్కు కోత. కావలిలో తెలుగు మీడియంలో చదువుకుని, నెల్లూరులో గది తీసుకుని ప్రిపరేషన్ మొదలుపెట్టిన నేను కామన్ నౌన్, ప్రాపర్ నౌన్ పాఠానికి అరగంట కూడా కేటాయించలేదు. పేరైతే ప్రాపర్, కాకపోతే కామన్ అని బడిలో బట్టీపట్టింది చాలనుకున్నాను.

ఒక మాక్ టెస్టులో 'హీ ఈజ్ ద కర్ణ ఆఫ్ అవర్ విలేజ్' అనే వాక్యం ఇచ్చి, కర్ణ అన్న మాట ఇక్కడ ఏ నామవాచకమని అడిగారు. భారతంలోని వ్యక్తి కదా అని తడుముకోకుండా ప్రాపర్ నౌన్ పెట్టాను. రావలసిన రెండు మార్కులు రాకపోగా ఉన్నవాటిలో అర పోయింది. తర్వాత ఆలోచిస్తే, ఎండెక్కినా లేవని మా తమ్ముణ్ణి అమ్మ 'కుంభకర్ణుడా' అని తిట్టేటప్పుడు ఆమె పిలిచేది రావణుడి తమ్ముణ్ణి కాదు, నిద్రపోతుల జాతిలో ఒకణ్ణి. ఊరికొక దాత ఉంటే ఆయన కర్ణుడు కావడమూ అలాంటిదే. ఆ వాక్యంలో కర్ణ ముందున్న 'ద', వెనకున్న 'ఆఫ్ అవర్ విలేజ్', రెండూ కామన్ నౌన్ వాడుకను పట్టిస్తున్నాయి. బహువచనం చేసి 'టూ కుంభకర్ణాస్' అన్నా అంతే.

తెలుగు లిపిలో క్యాపిటల్ లెటర్లు లేకపోవడం వల్ల మన కంటికి ఆ అలవాటు ఉండదు. గూడూరు దగ్గర కోట అనే ఊరుంది. ఉదయగిరిలో కోట ఉంది. 'కోటలో దిగాం' అంటే బస్సు దిగారో, బురుజు దిగారో చుట్టూ ఉన్న మాటలే చెప్పాలి. ఇంగ్లీషులో ఊరి పేరు క్యాపిటల్ కె తో మొదలవుతుంది, మామూలు ఫోర్ట్ చిన్న ఎఫ్ తోనే ఉంటుంది, అదే ఉదయగిరి ఫోర్ట్ అని పూర్తి పేరుగా రాస్తే ఆ ఎఫ్ కూడా పెద్దదవుతుంది. అయితే వాక్యంలో మొదటి మాట ఏదైనా క్యాపిటల్‌తోనే మొదలవుతుంది కాబట్టి దాన్ని చూసి ప్రాపర్ నౌన్ అని గుర్తు పెట్టకండి. సండే, జూన్ ప్రాపర్ నౌన్లు, సమ్మర్ కాదు. ఇది మాత్రం బట్టీ పట్టవలసిందే.

మా రూమ్మేట్‌ది అప్పటి ప్రకాశం జిల్లాలోని కనిగిరి. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్న తమ జిల్లాలో, మనిషి పేరు చోటుకు వచ్చింది గనుక ప్రకాశం కామన్ నౌన్ అయిందని అతని వాదన. రెండు రోజులు వాదించుకున్నాం. మనిషిగానైనా జిల్లాగానైనా అది ఒక్కదాన్నే సూచిస్తోంది. కర్ణుడిలా ఒక లక్షణం గలవాళ్లందరికీ పాకలేదు. అందుకే ప్రాపర్ నౌనే.

ఇక ఆర్టికల్, అంటే పేరు ముందు 'ద' పెట్టాలా వద్దా అన్నది. శనివారాలు కావలి నుంచి వచ్చే బస్సు కోవూరు దాటి వంతెన ఎక్కగానే ఒక వాక్యం రాసుకునేవాణ్ణి: నది పేరు కాబట్టి 'ద పెన్నా', సరస్సు కాబట్టి 'ద' లేని 'పులికాట్ లేక్', సముద్రం కాబట్టి 'ద బే ఆఫ్ బెంగాల్'. వంతెన దిగాక వచ్చే నెల్లూరుకు ముందు 'ద' ఉండదు. నేను నా మొదటి మాక్ టెస్టులో పెట్టాను.