ఆ పంపు నిజంగా తిరుగుతుందా?

ఉత్తర సముద్రంలోని చమురు, గ్యాస్ ప్లాట్‌ఫామ్‌ల మీద ప్రాణాలు కాపాడే పరికరాలు నిజంగా పనిచేస్తాయో లేదో బయటి మనిషిగా సరిచూడటం నా ఉద్యోగం. ఉండేది స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో. పుట్టి పెరిగింది విశాఖలో, సింధియా దగ్గర. మా మావయ్య అక్కడి షిప్‌యార్డులోనే వెల్డింగ్ పని చేసి రిటైరయ్యారు. అందుకే నేను సెలవుకు వచ్చినప్పుడల్లా నా పని గురించి పట్టు పట్టి అడిగేది ఆయనే.

"క్లాస్ సర్వేయర్ లాంటి పనేనా అమ్మా?" అన్నారు మొదట, ఓడలు ప్రమాణాల ప్రకారం ఉన్నాయో లేదో తనిఖీ చేసేవాళ్లను తలచుకుని. తర్వాత అసలు ప్రశ్న వేశారు. "మీకు డబ్బులిచ్చేది ఆ ఆయిల్ కంపెనీయే కదా. ఇంక మీరు స్వతంత్రులు ఎలా అయ్యారు?"

అడగాల్సిన ప్రశ్నే. డబ్బు వాళ్లదే, మమ్మల్ని పెట్టుకునేదీ వాళ్లే. ప్లాట్‌ఫామ్ భద్రతకు చివరిదాకా బాధ్యులూ వాళ్లే. చట్టం కోరేది ఏమిటంటే, ఒక పనికి బాధ్యుడైన మనిషి అదే పనిని వెరిఫై చేయకూడదు. వెరిఫై చేసే మనిషి మీద ఆ ప్లాట్‌ఫామ్ మేనేజ్‌మెంట్ పట్టు ఉండకూడదు. మా అభ్యంతరంతో వాళ్లు ఏకీభవించకపోవచ్చు, కానీ దాన్ని మాయం చేయడానికి వీల్లేదు, అది రికార్డులో ఉండాలి. నా ఉద్దేశంలో ఈ పద్ధతికి ప్రాణం అదే.

ఇదంతా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే పైపర్ ఆల్ఫా గురించి చెప్పాలి. 1988 జులై 6 రాత్రి, అబర్డీన్‌కు ఈశాన్యంగా సముద్రంలో ఆ ప్లాట్‌ఫామ్ తగలబడి 167 మంది చనిపోయారు. రిపేరు కోసం ఒక కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలిక నూనె) పంపు సేఫ్టీ వాల్వును తీసి, ఆ చోట ఫ్లాంజ్, అంటే మూత లాంటి ఉక్కు పలక, బిగించారు. ఆ సంగతి రాత్రి షిఫ్టు వాళ్లకు అందలేదు. రెండో పంపు ఆగిపోవడంతో దీన్ని స్టార్ట్ చేశారు. లీకు, పేలుడు, మంట. అక్కడున్న గోడలు మంటను ఆపడానికి కట్టినవి, పేలుడును తట్టుకోవడానికి కాదు. ఇక నిప్పు ఆర్పే నీటి పంపులు ఉన్నాయి గానీ, డైవర్లు నీళ్లలోకి దిగే సమయాల్లో, పంపులు వాళ్లను లోపలికి లాగేయకుండా, వాటిని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి పెట్టేవారు. ఆ రాత్రీ అలాగే ఉన్నాయి. వాటిని స్టార్ట్ చేయడానికి మంటల్లోంచి ఎవరూ చేరుకోలేకపోయారు. అలా పెట్టవద్దని కొన్నేళ్ల ముందే ఒక ఆడిట్ చెప్పింది. ఆ మాట అమలు కాలేదు.

ఇది చెప్పినప్పుడు మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పంపు కొన్నారా లేదా అని చూస్తే చాలదన్నమాట" అన్నారు.

ఈ ప్రమాదంపై న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ జరిపిన విచారణ నివేదిక 1990లో 106 సిఫార్సులతో వచ్చింది. పెద్ద ప్రమాదాలను ఎలా అదుపు చేస్తారో కంపెనీయే రాసి చూపించాలనే సేఫ్టీ కేస్ నిబంధనలు 1992లో వచ్చాయి. 1996లో పాత సర్టిఫికెట్ పద్ధతి పోయి, ప్రాణాలు కాపాడే పరికరాలను బయటివాళ్లు సరిచూసే వెరిఫికేషన్ స్కీమ్ వచ్చింది.

స్కీమ్ కట్టడం ఓపికతో చేసే పని. ఈ ప్లాట్‌ఫామ్ మీద ఏ ఏ పెద్ద ప్రమాదాలు జరగవచ్చు? ముందు అక్కడ మొదలుపెడతాం. ఏది చెడిపోతే ఆ ప్రమాదం పుడుతుంది, జరిగాక ఏది ఉంటే మనుషులు బతుకుతారు అని వెతికి జాబితా రాస్తాం. గ్యాస్ డిటెక్టర్లు, షట్‌డౌన్ వాల్వులు, ఫైర్ పంపులు, లైఫ్‌బోట్లు, నీటి కింద ప్లాట్‌ఫామ్‌ను మోసే ఉక్కు కాళ్లు, అన్నీ అందులోకి వస్తాయి. ఒక్కోదానికీ ఒక ప్రమాణం రాయాలి. అది ఏం చేయాలి, ఎంత త్వరగా చేయాలి, పిలిచినప్పుడు ఎంత నమ్మకంగా పలకాలి, మంటల్లో ఎంతసేపు తట్టుకోవాలి, ఇంకే పరికరం మీద ఆధారపడుతుంది. ఆ చివరి ప్రశ్నను చాలామంది తేలిగ్గా దాటేస్తారు. నేను ఎక్కువసేపు కూర్చునేది అక్కడే. ఫైర్ పంపు బాగానే ఉంటుంది, దాని బ్యాటరీ చార్జర్‌కు కరెంటు మాత్రం మొదట తగలబడే గదిలోంచి వస్తూ ఉంటుంది. డ్రాయింగులు పక్కపక్కన పరిచి చూస్తే తప్ప ఇలాంటివి బయటపడవు.

ఉక్కు కాళ్ల సంగతి మావయ్యకు బాగా నచ్చింది. లోపల గాలి ఉండాల్సిన గొట్టంలోకి నీళ్లు చేరాయంటే ఎక్కడో పగులు వచ్చిందని అర్థం. రిమోట్‌తో నడిచే చిన్న యంత్రాన్ని దింపి, గొట్టం కోయకుండానే లోపల నీళ్లున్నాయో లేదో కనిపెడతారు. 1980లో నార్వే వైపు అలెగ్జాండర్ కీలాండ్ అనే ప్లాట్‌ఫామ్ బోల్తా పడి 123 మంది పోయారు. హైడ్రోఫోన్ (నీటిలో శబ్దాలు వినే పరికరం) అమర్చడానికి వేసిన ఒక చిన్న వెల్డు దగ్గర మొదలైన పగులే దానికి మూలం. "చిన్న వెల్డు అని ఉండదమ్మా" అన్నారాయన. మా ట్రైనింగుల్లో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఒకసారి ఒక ప్లాట్‌ఫామ్‌లో షట్‌డౌన్ వాల్వు టెస్టు రికార్డులు చూశాను. ప్రతిసారీ 'పాస్' అని ఉంది. వాల్వు మూసుకుంటుందా అని మాత్రమే చూశారు. మూసుకున్నాక ఎంత గ్యాస్ జారుతోందో కొలవలేదు, ప్రమాణంలో మాత్రం ఆ పరిమితి రాసి ఉంది. నేను ఫైండింగ్, అంటే సరిచేయాల్సిన లోపమని, రాశాను. నాకంటే ఎంతో అనుభవమున్న మేనేజరు దాన్ని 'సూచన'గా మార్చమన్నారు. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగినదాన్ని, ఆ మీటింగులో గుండె దడదడలాడింది. మార్చలేదు. ఆ మేనేజరు కోప్పడలేదు, తన అభిప్రాయం కింద రాసి సంతకం పెట్టారు. తర్వాత లీకు కొలిచారు, పరిమితి దాటింది, వాల్వు బాగుచేయించారు. కోపతాపాలు లేకుండా ఇద్దరి మాటా కాగితం మీద ఉండటం నాకు ఆ దేశంలో చాలా నచ్చిన విషయం.

మన దగ్గరా 2008 నుంచి సముద్రంలో చమురు పనుల భద్రతకు కేంద్ర నిబంధనలు ఉన్నాయి. కాకినాడ వైపు కేజీ బేసిన్‌లో పని పెరుగుతోంది. మావయ్య కొడుకు అక్కడే ఒక ప్రాజెక్టులో చేరబోతున్నాడు. "అక్కా, ముందు ఏం చదవమంటావ్?" అని అడిగాడు. కల్లెన్ నివేదిక రెండు సంపుటాలూ చదవమన్నాను. చేరిన వారంలోనే, తన ప్లాట్‌ఫామ్‌లో డైవర్లు దిగినప్పుడు ఫైర్ పంపుల స్విచ్ ఎక్కడ పెడతారో, పెట్టమని చెప్పేది ఎవరో కనుక్కుని నాకు ఫోన్ చేయమన్నాను.