కడప నుంచి గ్లోబ్ థియేటరు దాకా: నా అనుభవం

కడపలో ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చదువుతుండగా, లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఇతర దేశాల విద్యార్థుల కోసం నడిపే వేసవి కోర్సులో నాకు సీటు వచ్చింది. ఉదయం తరగతులు, మధ్యాహ్నం మ్యూజియం, కొన్ని సాయంత్రాలు నాటకం, చివర ఒక వ్యాసం సమర్పించడం, ఇదీ కోర్సు. రుసుములో పెద్ద భాగం వాళ్లే రాయితీగా ఇవ్వగా, మిగతా రుసుము, విమానం టికెట్టు, అక్కడి ఖర్చులు మా ఇంటి మీద పడ్డాయి. మా నాయనకు మైదుకూరు దగ్గర కొద్దిపాటి పసుపు సాగు ఉంది. ‘నాటకం సూసేదానికి అంత దూరం పోవాల్నా? మన తిర్నాళ్లలో ఏసేది సాలదా?’ అని ఆయన ఎగతాళి చేశారు గానీ, ఆ ఏడు పసుపు అమ్మిన డబ్బులో కొంత ముందుగానే పక్కన పెట్టింది కూడా ఆయనే. మా ప్రాంతం నుంచి ఇలాంటి కోర్సులకు వెళ్లాలనుకునే విద్యార్థులు మొట్టమొదట అడిగేది వీసా గురించే కాబట్టి, ఆ సంగతి ముందు చెప్పి, నేను అసలు చెప్పదలచుకున్న నాటకాల దగ్గరికి తరువాత వస్తాను.

పాస్‌పోర్టుకు మేము తిరుపతి దాకా వెళ్లవలసిన పని లేకపోయింది. కడప పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే పని పూర్తయింది. అక్కడ తెలుగువాళ్లం అందరం గమనించవలసిన విషయం పేరు. పదో తరగతి ధ్రువపత్రంలో మన ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఒకలాగా, బ్యాంకు ఖాతాలో మరొకలాగా ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం పొడి అక్షరాలు చెల్లవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఆ తరువాత విశ్వవిద్యాలయం ఇచ్చే లేఖ, వీసా దరఖాస్తు, విమానం టికెట్టు అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మా విభాగంలోని సీనియర్ అక్క ఒకరు ఈ మాట ముందే చెప్పడం వల్ల నేను ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను మొదటే సరిచేయించుకుని, ఆ తరువాతే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశాను.

ఆరు నెలలలోపు చదువుకు బ్రిటన్‌లో విద్యార్థి వీసా అవసరం లేదు. గుర్తింపు ఉన్న సంస్థలో చదివేటట్లయితే స్టాండర్డ్ విజిటర్ వీసా చాలు. దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపి, రుసుము కట్టి, వేలిముద్రలకు, ఫోటోకు హైదరాబాదు వెళ్లాలి. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి కాచిగూడలో దిగవచ్చు. ఇంటర్వ్యూ చేస్తారని చాలామంది భయపెట్టారు గానీ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేదంతా కాగితాలే అడుగుతాయి: ఈ అమ్మాయి ఖర్చు ఎవరు పెడుతున్నారు, ఆ డబ్బు ఎక్కడిది, చదువు ముగిశాక తిరిగి వస్తుందా. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు జీతం చీటీలతో పని సులువుగా జరిగిపోతుంది. రైతు ఖాతాలో నెలనెలా ఏమీ పడదు, పంట అమ్మినప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం పడుతుంది, అది చూసేవాళ్లకు అరువు తెచ్చి వేసిన డబ్బులా కనిపించవచ్చు. అందుకని కడప మార్కెట్ యార్డులో పసుపు అమ్మినప్పుడు ఇచ్చిన రసీదులను, పట్టాదారు పాస్‌పుస్తకాన్ని, వాటి ఆంగ్ల అనువాదాలను జతచేసి, మా నాయన సంతకంతో ఒక లేఖ కూడా పెట్టాము. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ అనువాదం ఉండి తీరాలి. మా ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో స్టేట్‌మెంటు మీద ముద్ర వేయించుకోవడానికి నేను తిరిగిన తిరుగుడు వేరే కథ, దాన్ని వదిలేస్తాను. కళాశాల నుంచి ‘ఈమె మా విద్యార్థిని, ఫలానా తేదీకి తరగతులకు తిరిగి హాజరు కావాలి’ అని ఇచ్చిన లేఖ చాలా ఉపయోగపడిందని నా నమ్మకం. మూడు వారాలు పట్టవచ్చని చెప్పారు, దాదాపు అంతే పట్టింది.

విమానం గురించి, హీత్రో విమానాశ్రయం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

కోర్సులో మేము చూసిన మొదటి నాటకం షేక్‌స్పియర్ రాసిన ‘ట్వెల్ఫ్త్ నైట్’. చూసింది థేమ్స్ ఒడ్డున ఉన్న గ్లోబ్ థియేటరులో. 1599లో కట్టిన అసలు గ్లోబ్ 1613లో ఒక ప్రదర్శన మధ్యలో ఫిరంగి పేల్చినప్పుడు కప్పుకు నిప్పంటుకుని కాలిపోయింది. ఇప్పుడున్నది శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు పట్టుబట్టి సాధించిన పునర్నిర్మాణం. 1997లో ప్రారంభమైంది, ఆయన మాత్రం 1993లోనే చనిపోయారు. పాత చోటికి కొద్ది దూరంలో, ఓక్ కర్రతో, గడ్డి కప్పుతో కట్టారు. 1666 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత లండన్ నగరంలో గడ్డి కప్పుకు అనుమతి దొరికింది దీనికేనట. చుట్టూ మూడు అంతస్తుల గ్యాలరీలలో బల్లలు ఉంటాయి, వాటికి ధర ఎక్కువ. నడిమధ్య ఆకాశం కింద ఉన్న ఖాళీ స్థలంలో నిలబడి చూసేవాళ్లకు టికెట్టు అతి చవక. అక్కడ ఏడువందల మంది దాకా నిలబడతారు. కూర్చోనివ్వరు, గొడుగు విప్పనివ్వరు, వాన వస్తే రెయిన్‌కోటు వేసుకోవలసిందే. మా బృందంలో చాలామంది ఒక్కసారి నిలబడి, రెండోసారికి బల్లలు కొనుక్కున్నారు. నేను మాత్రం గ్లోబ్‌కు వెళ్లిన ప్రతిసారీ నిలబడే చూశాను. మొదట డబ్బు కోసం, తరువాత ఇష్టం కొద్దీ.

ఆ ఇష్టానికి కారణం మల్వోలియో ఉత్తరం చదివే దృశ్యం. యజమానురాలు తనను ప్రేమిస్తున్నదని నమ్మించడానికి ఆ ఇంటి పనిమనిషి పారేసిన దొంగ ఉత్తరాన్ని ఆ గర్విష్ఠి అయిన సేవకుడు తీసి చదువుకుంటాడు, పనిమనిషితో కలిసి ఈ పన్నాగం పన్నిన ముగ్గురు చాటున నిలబడి వింటారు. పాఠ్యపుస్తకంలో ఈ దృశ్యానికి మేము రాసుకున్న నోట్సు ‘ఆత్మవంచన, వర్గ స్పృహ’ అని రెండు మాటలు. వేదిక మీద పాలరాయిలా రంగు వేసిన రెండు పెద్ద కర్ర స్తంభాలు ఉన్నాయి. దాక్కున్న ముగ్గురూ ఆ స్తంభాల వెనక ఇరుక్కుని, ఒకరి నోరు ఒకరు మూసుకుంటూ, అతను తల తిప్పినప్పుడల్లా ఇటు నుంచి అటు జరిగారు. మల్వోలియో వేషం వేసిన నటుడు వేదిక అంచుకు వచ్చి, నా పక్కనున్న ముసలాయనకు ఉత్తరం చూపించి, ‘ఇది ఆమె చేతిరాతే కదా’ అన్నట్టు ముఖం పెట్టాడు. ముసలాయన అవునన్నట్టు తల ఊపాడు. అంతే, మోసంలో మేమందరం భాగస్థులమైపోయాము. నాలుగో అంకంలో మల్వోలియోను చీకటి గదిలో వేసి పిచ్చివాడని ఏడిపించినప్పుడు ఇంతసేపు నవ్వినవాళ్లకు నవ్వు రాలేదు. ఈ నాటకంలో హాస్యం ఎక్కడ క్రూరంగా మారుతుందని పరీక్షలో అడిగే ప్రశ్నకు నేను అంతకు ముందు నాలుగు పేజీలు రాసినదాన్నే, కానీ ఆ క్రూరత్వంలో ప్రేక్షకుడి వాటా ఎంతో అక్కడ నిలబడ్డాకే అర్థమైంది. నాటకం చివర విదూషకుడు పాడే పాటలో రోజూ వాన కురుస్తూనే ఉంటుందన్న పల్లవి ఉంది. ఆ సాయంత్రం తుంపర పడుతూనే ఉండడంతో తడిసిన జనమంతా ఫక్కున నవ్వారు.

తరగతిలో ఆచార్యురాలు ఆ కాలంలో స్త్రీ పాత్రలన్నీ మగపిల్లలే వేసేవారని, ‘ట్వెల్ఫ్త్ నైట్’లో మగవేషం వేసుకున్న వయోలా పాత్ర అంటే ఆడపిల్లగా నటించే మగపిల్లవాడు మళ్లీ మగపిల్లవాడిగా నటించడమని వివరిస్తున్నప్పుడు, నేను సురభి గురించి చెప్పాను. మా కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బంధువులతో కలిసి ‘కీచక వధ’ ప్రదర్శించడంతో ఆ సమాజం మొదలైంది. తోలుబొమ్మలాట ఆడించే ఆరె మరాఠీ కుటుంబాలు బొమ్మలు దించి తామే వేదికెక్కాయి. కుటుంబమంతా నటులే కావడం వల్ల స్త్రీ పాత్రలకు స్త్రీలే ఉన్నారు. ఆకాశంలో ఎగిరే పాత్రలు, వేదిక మీద వాన, క్షణంలో మారిపోయే తెరలు, ఇవన్నీ సురభి సొత్తు. గ్లోబ్‌లో దీనికి పూర్తిగా విరుద్ధం: తెర లేదు, దృశ్యాలు గీసిన పరదాలు లేవు, అడవి అన్నా అంతఃపురం అన్నా నటుడు మాటతోనే చెప్పాలి. ఆచార్యురాలు నా చేత ఈ పోలిక మీదనే చివరి వ్యాసం రాయించారు. ఇంగ్లండు వెళ్లి ఇంగ్లండు గురించే రాయాలనుకున్న నాకు మొదట కొంచెం నిరాశగా అనిపించిన మాట వాస్తవం.

స్ట్రాట్‌ఫర్డ్‌కు ఒక రోజు తీసుకువెళ్లారు. షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు చూడవలసిందే అంటారు గానీ, నా మట్టుకు హోలీ ట్రినిటీ చర్చిలోని సమాధి దగ్గరే ఎక్కువ సేపు గడపాలనిపించింది. తన ఎముకలు కదిలించినవాడికి శాపం తగులుతుందని ఆ రాతి మీద చెక్కి ఉంది.

మ్యూజియంలకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే, ఒక పూటకు ఒక గది. బ్రిటిష్ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు కాబట్టి ఒకే రోజు అంతా చూడాలన్న ఆత్రం అనవసరం. నేను ముందుగా వెళ్లింది 33ఏ గదికి. అమరావతి స్తూపం రాళ్లు అక్కడ అద్దాల గదిలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఆ రాళ్లు 1859లో లండన్ చేరాయి. వాటిలో రెండు వైపులా చెక్కిన ఫలకం ఒకటి ఉంది. పాత వైపున బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. అది క్రీస్తుకు పూర్వపు పని. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాతిని వెనక్కి తిప్పి, రెండో వైపున స్తూపాన్నంతా దాని ప్రాకారంతో, సింహాలతో సహా చెక్కారు. ఇప్పుడు శిథిలమైపోయిన అమరావతి స్తూపం ఎలా ఉండేదో ఊహించడానికి అలాంటి ఫలకాలే ఆధారం. నేను అక్కడ నోట్సు రాసుకుంటుంటే ఒక బడి పిల్లల గుంపు వచ్చి ఖాళీ ఆసనం మీద ఎవరు కూర్చోవాలని టీచరును అడిగింది. అది బుద్ధుడి ఆసనమని ఆవిడ చాలా చక్కగా చెప్పింది. ఆ రాళ్లు ఎవరి దగ్గర ఉండాలన్న వాదన నాకు తెలియనిది కాదు, నా పక్షం కూడా నాకుంది. అయినా పాత గుంటూరు జిల్లాకు ఎన్నోసార్లు వెళ్లి కూడా వాటి గురించి అంత శ్రద్ధగా చదవని నేను ఆ రోజు మాత్రం రాతి ముందు నిలబడి చదవడమే పనిగా పెట్టుకున్నాను. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1799లో శ్రీరంగపట్టణంలో స్వాధీనం చేసుకున్న టిప్పు పులి బొమ్మ చుట్టూ ఎప్పుడూ జనమే.

తిండి విషయంలో మొదటి వారం సూపర్‌మార్కెట్ శాండ్‌విచ్‌లతో సరిపెట్టుకున్నాను. పాలు, మాంసంతో చేసినవి వెంట తీసుకుపోకూడదు కాబట్టి అమ్మ కాచిన నెయ్యి ఇంట్లోనే ఉండిపోయింది, చెనిక్కాయల పొడి మాత్రం వచ్చింది. హాస్టల్ వంటగదిలో అన్నం వండుకుని ఆ పొడి కలుపుకున్నప్పుడు ఒక ఇటలీ అమ్మాయి వచ్చి రుచి చూసి, రోజూ రాసాగింది. ఫిష్ అండ్ చిప్స్ వేడిగా ఉన్నంతసేపు అద్భుతం. చిప్స్ మీద మాల్ట్ వెనిగర్ చల్లుకోవడం అలవాటైతే మానలేము. దాని పక్కన పెట్టే మెత్తని బఠానీ ముద్ద మాత్రం పోపు మరిచిపోయిన పప్పులా ఉంటుంది. స్కోన్ అనే బన్ను లాంటి రొట్టెల మీద ముందు జామ్ పూయాలా, మీగడ పూయాలా అని కార్న్‌వాల్, డెవన్ వాళ్లకు పడదు. నేను జామ్ పక్షం. గ్లోబ్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే బరో మార్కెట్ ఉంది, అక్కడ తినడం కంటే వాసన చూస్తూ తిరగడం చవక. దోశ తినాలనిపించినప్పుడు ఈస్ట్ హామ్ వెళ్లాను. దోశ బాగానే ఉంది, కడప కారం దోశ మీది ఎర్రకారం, పప్పుల పొడి లేకపోతే వాళ్లేం చేస్తారు?

తిండికీ నాటకానికీ సంబంధం ఏమిటంటే, గ్లోబ్ పక్కనే ఉండే రోజ్ అనే పాత నాటకశాల పునాదులు 1989లో బయటపడ్డప్పుడు తవ్వకాలలో హేజెల్‌నట్ పెంకులు, ఆల్చిప్పలు దొరికాయి. అంటే ఆనాటి జనం నాటకం చూస్తూ నములుతూనే ఉన్నారన్నమాట. చెనిక్కాయలు ఒలుచుకుంటూ తెల్లవార్లూ నాటకం చూసే మా ఊరి జనం కూడా నా వ్యాసంలోకి వచ్చింది అక్కడి నుంచే.

సెలవు రోజున కెన్సల్ గ్రీన్ శ్మశానానికి వెళ్లాను. కోర్సుకు దానితో సంబంధం లేదు. థాకరే, ట్రాలప్ వంటి నవలాకారుల సమాధులున్న ఆ చోటనే 1884లో చనిపోయిన సి.పి. బ్రౌన్‌నూ పాతిపెట్టారు. 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకుని తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన ఆయన ఇంటి చోటనే, ఎర్రముక్కపల్లెలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసిన గ్రంథాలయంలో నేను పరీక్షలకు చదువుకున్నాను. కాబట్టి వెళ్లకుండా రావడం బాగుండదనిపించింది. వెళ్లదలచినవాళ్లు బేకర్లూ లైనులో కెన్సల్ గ్రీన్ స్టేషనులో దిగి, శ్మశానం కార్యాలయంలో ముందే అడగడం మంచిది. డెబ్బై ఎకరాలకు పైగా ఉన్న ఆ స్థలంలో ఒక సమాధి వెతకడం మాటలు కాదు.

వ్యాసానికి మంచి మార్కులే వచ్చాయి. అందులో సురభి వేదిక నిర్మాణం గురించి రాసిన భాగం పలచగా ఉందని, ఆ తెరలను ఎవరు గీశారు, ఎలా లాగుతారు అన్నది కొలతలతో సహా కావాలని ఆచార్యురాలు పక్కన రాశారు. ఎం.ఏ. చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు ఇప్పుడు అదే అంశం తీసుకున్నాను. ప్రదర్శన అయిపోయాక సామాను సర్దేటప్పుడు సురభి కళాకారులతో కూర్చుని తెరల పొడవు కొలుస్తున్నాను. మా నాయన టేపు పట్టుకుంటున్నారు.