అతను మన టీమ్‌లో ఆడినవాడే

"అన్నయ్యా, ఇతను మన గ్లోబల్ ఈస్పోర్ట్స్‌లో ఆడాడు కదా!"

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేసి మరీ అరిచాడు మా తమ్ముడు. ఫోన్‌లో పాత వీడియో: వాలరెంట్ అనే షూటింగ్ వీడియో గేమ్‌లో పెద్ద అంతర్జాతీయ టోర్నీ అయిన మాస్టర్స్, 2024 షాంఘై ఫైనల్. హెరెటిక్స్ టీమ్ మీద కొరియా టీమ్ జెన్‌జీ 3-2తో గెలిచిన మ్యాచ్.

అవును, టెక్స్‌చర్. కొరియా కుర్రాడు. 2023లో ఇండియా టీమ్ గ్లోబల్ ఈస్పోర్ట్స్‌కి ఆడాడు. మరుసటి ఏడాదే జెన్‌జీ తరఫున కప్పు ఎత్తాడు. పసిఫిక్ లీగ్ నుంచి మాస్టర్స్ గెలిచిన మొదటి టీమ్ అదే. నాకైతే మనవాడు గెలిచినంత సంతోషం.

కొరియా, జపాన్, ఇండోనేషియా, ఇండియా టీమ్‌లన్నీ సియోల్‌లో ఈ ఒక్క పసిఫిక్ లీగ్‌లోనే తలపడుతున్నాయి కాబట్టే ఇలాంటి రాకపోకలు కుదురుతున్నాయి. కానీ వేరే దేశం టీమ్‌లో ఇమడటం చిన్న విషయం కాదు. శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో రెండు సెకన్లలో చెప్పాలి, అదీ తనది కాని భాషలో!

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే మరో వీడియో గేమ్‌లో రూకీ అనే కొరియా ఆటగాణ్ని చూడండి. 2014 చివర్లో కొరియా వదిలి చైనా టీమ్ ఇన్‌విక్టస్‌కి వెళ్లాడు. చైనీస్ నేర్చుకున్నాడు. 2018లో అదే టీమ్‌తో ఇంచియాన్‌లో, అంటే సొంత దేశంలోనే, ప్రపంచ కప్పు గెలిచాడు. ఆ పట్టుదలంటే నాకు ప్రాణం.

మన పిల్లలు కూడా ఇలా బయటి టీమ్‌లకి వెళ్లాలి. సబ్‌స్టిట్యూట్‌గా అయినా సరే, ఒక్క సీజన్ సియోల్‌లో ఉండి అక్కడి ప్రాక్టీస్ కళ్లారా చూసి రావాలి. ఆ అవకాశం ఇచ్చే ఒప్పందాలు టీమ్‌ల మధ్య ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నా.